ఒకే నేలకు మూడు మంటలు

ఆ శనివారానికి తక్ మన్‌బోక్ వేసుకున్న పథకం చాలా సులువైనది. పొద్దున్నే లేచి వాకిట్లో మంచు ఎత్తిపోయాలి. ఎనిమిదింటికి కట్టెల బాయిలర్ వెలిగించాలి. పన్నెండింటికి కాబోయే వియ్యంకుడు భార్యను వెంటబెట్టుకుని వోన్‌జూ నుంచి వస్తాడు. పెద్ద గదిలో కూర్చుని, అరచేత్తో నేల తాకి చూసి, "అబ్బ, ఎంత వెచ్చగా ఉందండీ మీ ఇల్లు" అంటాడు. ఆ ఒక్క మాట అనిపించుకుంటే చాలు, పెళ్ళి ముచ్చట్లు తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

ఈ పట్టుదలకు కారణం ఉంది. నాలుగు రోజుల కిందట పెళ్ళికొడుకు జేహా ఫోన్ చేసి పెళ్ళికూతురు హేవన్‌తో అవీ ఇవీ మాట్లాడి, చివర్లో నసుగుతూ ఒక కబురు చెప్పాడు. ఇంట్లో వేడి సంగతి కాస్త చూసుకోమని తన తల్లి చెప్పమందట. హేవన్ ఆ మాటను ఉన్నదున్నట్టు తండ్రికి చేరవేసింది.

"అంటే ఏంటి? మనది చలికొంప అనా?" అన్నాడు మన్‌బోక్.

"అలా అనలేదు నాన్నా. చూసుకోమంది, అంతే."

"అపార్ట్‌మెంట్లో పద్నాలుగో అంతస్తు మీద కూర్చుని, కొండ మీద ఇల్లంటే ఐసు గది అనుకుంటున్నారు."

వంటగదిలో ముల్లంగి తరుగుతున్న భార్య ఓక్‌రే కత్తి ఆపకుండానే అందుకుంది. "నేను కాపురానికొచ్చి ముప్పై ఆరేళ్ళయింది. ఈ ఇంట్లో చలికి ముక్కు చీదినవాణ్ణి చూళ్ళేదు. రానీ. కూర్చోబెడదాం."

ఆ పూట ఆ ఇంట్లో ముగ్గురూ ఒకే నిర్ణయానికి వచ్చారు. ఆ నిర్ణయాన్ని ఎవరూ ఇంకొకరికి చెప్పలేదు. అసలు చిక్కు అక్కడే మొదలైంది.

మన్‌బోక్ ఇంటి పెద్ద గది నేల రెండు వరసలుగా ఉంటుంది. అడుగున అతని తండ్రి పరిచిన రాతి పలకలు. వంటగది పక్కనున్న పొయ్యిలో మొద్దులు పెడితే, మంటా పొగా ఆ పలకల కిందనుంచి పాకి, అవతలి గోడ దగ్గర గొట్టంలోంచి బయటికి పోతాయి. ఆ పలకల మీద ఇరవై ఏళ్ళ కిందట సిమెంటు పోసి వేడినీళ్ళ గొట్టాలు వేయించారు. వాటికి నీళ్ళు కాచి పంపేది కిరసనాయిలు బాయిలర్. రాళ్ళు ఓక్‌రేవి, గొట్టాలు మన్‌బోక్‌వి. ప్రతి చలికాలం మొదట్లో మన్‌బోక్ ఆ పొయ్యిని సిమెంటుతో పూడ్చేద్దామంటాడు. "ముందు నన్ను అందులో పెట్టి పూడ్చు" అంటుంది ఓక్‌రే. అక్కడితో ఆ ఏటికి ఆ చర్చ ముగుస్తుంది.

కిందటి ఆకురాలు కాలంలో మన్‌బోక్ మూతపడ్డ సత్రం నుంచి ఒక కట్టెల బాయిలర్ తెచ్చాడు. నిలువెత్తు ఇనప డబ్బా. బొగ్గు గనిలో ముప్పై ఏళ్ళు లారీ నడిపిన మనిషి కాబట్టి ఇనుమంటే అతనికి భయం లేదు. దాన్ని ఇంటి వెనక రేకుల షెడ్డులో నిలబెట్టి, ఇంట్లో ఉన్న గొట్టాలకే కలపాలనుకున్నాడు. మర్యాదకు ఒక మాట అడుగుదామని కింద మూడిళ్ళ అవతల ఉండే బాయిలర్ మెకానిక్ చాని పిలిచాడు.

చా ఆ డబ్బా చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "అన్నా, దీన్ని తిన్నగా కలపకూడదు. మధ్యలో పెద్ద ట్యాంకు పెట్టాలి. కట్టెల మీద కాగిన నీళ్ళు ముందు అందులోకి రావాలి. అక్కణ్ణుంచి చల్లనీళ్ళు కలిపే వాల్వు పెట్టి, నలభై డిగ్రీలకు దించి నేలకు వదలాలి. ఎనభై డిగ్రీల నీళ్ళు నేల కిందకి పంపితే కాళ్ళు ఉడుకుతాయి."

"ఎక్కువైతే ఆపేస్తాను."

"ఎలా ఆపుతావు? కిరసనాయిలు మంట బటన్ నొక్కితే ఆరుతుంది. కట్టె మంట ఆరదు. దానికి నువ్వెవరో తెలీదు."

"నా ఇంట్లో మండేదానికి నేనెవరో తెలియకపోవడం ఏంట్రా? నీ ఇంట్లో ఏం పెట్టావు?"

"గాలిలోంచి వేడి లాగే యంత్రం. కట్టె లేదు, నూనె లేదు, పొగ లేదు. అంతా కరెంటు."

"గాలిలోంచి వేడి లాగుతుందట. జనవరిలో. ఈ కొండ మీద," అని మన్‌బోక్ అతనికి తాగడానికి బార్లీ నీళ్ళిచ్చి పంపేశాడు. మర్నాడే గొట్టాలు కోసి, అతికించి, రెండు కుళాయిలు బిగించి, ట్యాంకూ వాల్వూ ఏమీ లేకుండా ఆ డబ్బాను నేలకు కలిపేశాడు. ఒక కుళాయి కట్టెలకు, ఒకటి కిరసనాయిలుకు. రెండూ తెరిస్తే రెండూ వస్తాయి. ఇంత చిన్న విషయానికి ట్యాంకు ఎందుకో అతనికి అర్థం కాలేదు.

శనివారం పొద్దున ఆరింటికి ఓక్‌రే లేచి, పొయ్యి మీద పెద్ద ఇనప బానలో ఎముకల సూప్ పెట్టి, కింద ఓక్ మొద్దులు నాలుగు పేర్చింది. ఏడింటికి ఇంకో నాలుగు పెట్టింది. మంచు ఎత్తిపోసి వచ్చిన మన్‌బోక్ పొయ్యి వైపు అనుమానంగా చూశాడు.

"అంత మంటెందుకు?"

"సూప్."

"సూప్‌కి ఓక్ మొద్దులా?"

"ఎముకలయ్యా. ఎండుగడ్డి మీద ఉడుకుతాయా?"

అందులో న్యాయం కనిపించి మన్‌బోక్ వెనక షెడ్డుకు వెళ్ళాడు. పెళ్ళాం వంట చేసుకుంటోంది కాబట్టి ఇంటి వేడి బాధ్యత పూర్తిగా తనదే అనుకుని, కట్టెల బాయిలర్ నోరు పట్టినంత నింపి అంటించాడు. మొదట్లో అది దగ్గి, నల్లని పొగ కక్కి, ఆరిపోయేలా కనిపించింది.

కిటికీలోంచి ఆ నల్లని పొగను హేవన్ చూసింది. ముప్పై ఒక్క ఏళ్ళ పిల్ల, జొంగ్‌సన్ గ్రంథాలయంలో పని, నిదానస్తురాలు. నాన్న డబ్బా పనిచేయదు, అమ్మ పొయ్యి సూప్‌కే సరిపోతుంది, అత్తగారు వచ్చేసరికి ఇల్లు చల్లగా ఉంటుంది అనుకుంది. వరండా తలుపు పక్కన గోడకు కిరసనాయిలు బాయిలర్ మీట ఉంది. గది ఎంత వెచ్చగా ఉండాలో అందులో చెబితే, అంత వేడి వచ్చేవరకూ బాయిలర్ మండుతుంది. ఇరవై దగ్గరున్న అంకెను ముప్పైకి పెంచి, తండ్రి కంట పడకుండా దాని మీద బ్యాంకు వాళ్ళిచ్చిన క్యాలెండర్ తగిలించింది.

అతిథులు పన్నెండుకు ఐదు నిమిషాల ముందే వచ్చారు. కారు కింద రోడ్డు మీద ఆపి, కురుస్తున్న మంచులో గొడుగు వేసుకుని నడిచి పైకెక్కారు. కూ హ్యోంతే రిటైరైన హెడ్మాస్టరు. ముప్పై నాలుగేళ్ళు పిల్లల్ని నిటారుగా కూర్చోమని చెప్పీ చెప్పీ తను వంగడం మరిచిపోయిన మనిషి. భార్య ఇన్‌సున్ బొద్దుగా, నవ్వుముఖంతో ఉంది. కొండెక్కినందుకు చెంపలు ఎర్రబడ్డాయి. పెళ్ళికొడుకు మాత్రం రాలేదు. అతనిది రోడ్ల శాఖలో మంచు తీసే బండి నడిపే ఉద్యోగం. రాత్రి నుంచి మంచు పడుతూంటే అతనికి సెలవెక్కడిది?

ఇరుపక్షాలూ ఎదురెదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, అరచేతులు నేలకు ఆనించి వంగి నమస్కరించుకున్నారు. ఇలాంటప్పుడు ఎవరు ముందు లేస్తారన్న మొహమాటంతో నమస్కారం కాస్త పొడుగు సాగుతుంది. ఈసారి నలుగురూ ఒక్కసారిగా చేతులు వెనక్కి లాక్కున్నారు.

"ఇలా రండి బావగారూ, పెద్దల చోట్లో కూర్చోండి," అని మన్‌బోక్ ఆయన్ని పొయ్యి వైపు గోడ దగ్గరికి నడిపించాడు. గదిలో అన్నిటికన్నా వెచ్చనిది అదే. ఎవరింట్లోనైనా గౌరవం చేయాల్సిన మనిషిని అక్కడే కూర్చోబెడతారు. కూర్చున్నవాడు పక్కకు జరగడమంటే గౌరవం వద్దనడమే. కూ గారు మెత్త మీద నిటారుగా కూర్చుని, తెచ్చిన కమలాల పెట్టె, గొడ్డు మాంసం పెట్టె పక్కన పెట్టుకున్నారు.

పది నిమిషాలు వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. ఆ పది నిమిషాల్లో కూ గారు మెత్త మీద ఎడమ వైపుకు ఒకసారి, కుడి వైపుకు ఒకసారి ఒరిగారు.

"నేల సరిపోయిందా బావగారూ? చలిగా లేదు కదా?" అన్నాడు మన్‌బోక్. ఆ ప్రశ్న కోసం అతను నాలుగు రోజులుగా కాచుకుని ఉన్నాడు.

ఆ గొంతులోని ఢంకా కూ గారికి వినిపించింది. ఎవరైనా పరీక్ష పెడుతున్నారనిపిస్తే తలవంచే అలవాటు ఆయనకు లేదు. "సరిపోయింది. మా ఇంట్లో కూడా దాదాపు ఇలాగే ఉంటుంది," అన్నారు.

"ఇలాగేనా?"

"ఒక పిసరు ఎక్కువే ఉంటుందేమో."

మన్‌బోక్ ముఖం గట్టిపడింది. "ఇప్పుడే కదండీ వెలిగించాం. మామూలు రోజుల్లో ఇంతకు రెండింతలుంటుంది."

"మంచిదేగా. రానివ్వండి."

ఓక్‌రే బంగాళాదుంప అట్లు తెచ్చి పెట్టింది. అవి చల్లారకపోవడం చూసి వదినగారు మెచ్చుకుంటుందని ఎదురుచూసింది. ఇన్‌సున్ చేతి రుమాలు తడిసిపోయింది. కోటు తీసింది, పైన వేసుకున్న ఉన్ని చొక్కా తీసింది, ఇక తీయడానికి మర్యాద ఒప్పుకోలేదు.

"వదినగారూ, వరండా తలుపు కొంచెం తీయనా? మంచు పడుతుంటే చూడముచ్చటగా ఉంటుంది," అంది.

"తప్పకుండా," అని నలుగురూ ఒకేసారి అన్నారు. హేవన్ లేచి తలుపు బార్లా తీసింది.

చలిగాలి లోపలికి కొట్టింది. అది ముందుగా తాకింది తలుపు పక్కనున్న గోడను. క్యాలెండర్ రెపరెపలాడింది. గది గడ్డకట్టుకుపోతోందని మీట నమ్మింది. ఇంటి వెనక కిరసనాయిలు బాయిలర్ ఒక్క గర్జనతో అందుకుంది. కట్టెల నీళ్ళకు దాని నీళ్ళూ తోడై గొట్టాల్లోకి దూకాయి. కింద ఓక్ మొద్దులు తమ పని తాము చేసుకుంటున్నాయి. తలుపు తీసిన పావుగంటకు నేల అంతకుముందుకన్నా కాగింది. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. హేవన్‌కు అర్థమైంది గానీ, మీట తగ్గించాలంటే అందరి ముందూ క్యాలెండర్ ఎత్తాలి. "వంటింట్లో చూసొస్తా" అని లేచింది, మళ్ళీ కూర్చుంది.

కూ గారు కమలాపండు ఒలిచారు. ఒక తొన నోట్లో వేసుకుని ఆగిపోయారు. లోపల రసం కాగి ఉంది. పెదాలు బిగించి మింగి, రెండో తొన తీశారు.

"పండు తియ్యగా ఉందా అండీ?" అంది ఇన్‌సున్ జాలిగా.

"వెచ్చగా ఉంది. దగ్గుకు మంచిది."

గది మూలన దుప్పటి కప్పి ఉంచిన జాడీలోంచి బుడుంగుమని చప్పుడొచ్చింది. అతిథుల కోసం ఓక్‌రే పులియబెట్టిన బియ్యపు కల్లు, మక్కొల్లి అది. మూత కాస్త లేచి, పడింది. మళ్ళీ లేచింది. తెల్లని నురగ దుప్పటి అంచు దాటి నేల మీదికి దిగి, దిగిన చోటే ఆరిపోవడం మొదలుపెట్టింది.

"ఇక ఆలస్యం చేయకూడదు, మన కోసం అదే బయటికొస్తోంది," అని మన్‌బోక్ ఒక గిన్నె నింపి, రెండు చేతులా వియ్యంకుడికి అందించాడు. అంతటి మర్యాదను కూర్చుని అందుకోకూడదు. కూ గారు మోకాళ్ళ మీదికి లేచారు. మెత్త ఆయనతో లేచింది. మెత్త కింద వినైల్ షీటు కూడా లేచింది. అతిథులొస్తున్నారని రెండు రోజుల కిందటే మన్‌బోక్ అంటించిన కొత్త షీటు అది. జిగురు కరిగి, మెత్త అంచులోంచి పైకి పాకి, హెడ్మాస్టరు గారి ప్యాంటు దాకా వచ్చింది. రెండు అడుగుల మేర నేల గుడారంలా పైకి లేచి నిలబడింది. కూ గారు గిన్నె ఖాళీ చేసి, వెనక్కి చూడకుండా, నేలతో సహా కూర్చున్నారు.

"బావగారూ, పోనీ ఇటు జరగండి," అన్నాడు మన్‌బోక్. ఈసారి అతని గొంతులో ఢంకా లేదు. అతని కాళ్ళు కూడా కాలుతున్నాయి.

"ఎందుకు?"

"వేడిగా ఉంటే."

"మీకు వేడిగా ఉందా?"

"నాకా? లేదు."

"నాకూ లేదు."

సరిగ్గా ఒంటిగంటకు దీపం ఆరిపోయింది. కొండ కింద ఎక్కడో తడిమంచు బరువుకు చెట్టు విరిగి కరెంటు తీగ మీద పడింది. ఊళ్ళో యంత్రాలన్నీ ఒక్కసారిగా ఊపిరి బిగబట్టినట్టు నిశ్శబ్దం. కిరసనాయిలు బాయిలర్ ఆగింది. గొట్టాల్లో నీళ్ళను తిప్పే పంపు ఆగింది. ఇంటి వెనక ఒక్కటి మాత్రం ఆగలేదు. ముందు గుడగుడ అంది. తర్వాత లోపలెవరో సుత్తితో కొడుతున్నట్టు ధన్ ధన్ మంది.

దానికి నువ్వెవరో తెలీదు అని చా అన్న మాట మన్‌బోక్ చెవిలో మోగింది. నీళ్ళు కదలడం లేదు, మంట ఆరడం లేదు. "బయటికి, అందరూ బయటికి," అంటూ అతను వెనక తలుపులోంచి పరుగెత్తాడు. అతని వెనకే కూ గారు పరుగెత్తారు. పరుగెత్తేముందు ప్యాంటు నుంచి మెత్తను చేత్తో పట్టి పీకేశారు. బూట్ల కోసం ఆగలేదు.

షెడ్డు నిండా ఆవిరి. పైకప్పు మీది గొట్టంలోంచి కాగే నీళ్ళు చిమ్ముతున్నాయి. మన్‌బోక్ ఇనప తలుపు తెరిచి, పొడుగు పారతో మండుతున్న మొద్దుల్ని ఒక్కొక్కటే బయటికి లాగి మంచులోకి విసిరాడు. కూ గారు తెల్ల చొక్కాతో, మేజోళ్ళతో నిలబడి వాటి మీద చేతుల్తో మంచు ఎత్తిపోశారు. పదిహేను నిమిషాలకు డబ్బా గొణిగి గొణిగి నోరు మూసుకుంది. ఇద్దరి ముఖాలూ మసి. ఇద్దరూ పిక్కలోతు మంచులో నిలబడ్డారు.

"లోపలికి పదండి బావగారూ. కాళ్ళకు ఏమీ లేవు."

కూ గారు కళ్ళు మూసుకుని ఉన్నారు. "ఉండండి. ఇంకా నిప్పుందేమో చూడాలి."

"లేదండీ. ఆరిపోయింది."

"ఉండండన్నానుగా."

మన్‌బోక్ ఆయన పక్కనే నిలబడ్డాడు. మంచు అతని పాదాలకు కూడా చాలా బాగుంది. కాసేపటికి నెమ్మదిగా అన్నాడు. "లోపల వేడి కాస్త ఎక్కువైంది కదూ."

"అది మీరు ఒప్పుకుంటున్నారా, నన్ను ఒప్పుకోమంటున్నారా?"

"మిమ్మల్నే."

"అయితే లేదు."

"అయితే నాకూ లేదు."

వెనక గుమ్మంలో నిలబడి విసనకర్రలా ప్లేటు ఊపుకుంటున్న ఇన్‌సున్ ఇక పట్టలేకపోయింది. "మీరిద్దరూ ఒప్పుకోకపోతే పోండి. నేను ఒప్పుకుంటున్నాను. నేను ఉడికిపోయాను. వేడి పడని ఒళ్ళమ్మా నాది, నాలుగేళ్ళుగా చలికాలంలో కూడా కిటికీ తీసి పడుకుంటున్నాను. అందుకే కదా అబ్బాయితో ముందే చెప్పించాను."

ఓక్‌రే ఆమెకేసి చూసింది. "ఏమని చెప్పించారు వదినగారూ?"

"ఇంట్లో వేడి సంగతి కాస్త చూసుకోమని."

మన్‌బోక్ చేతిలోని పారను మంచులో గుచ్చాడు.

"చూసుకున్నామండీ," అన్నాడు మన్‌బోక్ చివరికి. "కానీ నేను వెలిగించింది ఒక్క బాయిలర్. దానికే ఇంత వేడి ఎలా వచ్చిందో అర్థం కావట్లేదు."

ఓక్‌రే గొంతు సవరించుకుంది. "పొయ్యిలో పదహారు మొద్దులు పెట్టాను."

"సూప్‌కన్నావు?"

"సూప్ తొమ్మిదింటికే అయిపోయింది. మిగతావి వదినగారికి."

హేవన్ లోపలికి వెళ్ళి, క్యాలెండర్ పట్టుకొచ్చి, దాని కింద ఏముందో తండ్రికి చెప్పింది. ఒకే నేలకు మూడు మంటలు పెట్టిన ముగ్గురూ తలలు దించుకుని వరసగా నిలబడ్డారు. ఆ వరసను చూడగానే కూ గారికి పాత ఉద్యోగం గుర్తొచ్చినట్టుంది, చేతులు వెనక్కి కట్టుకున్నారు.

"ముగ్గురూ ఒక్క ఇంట్లోనే ఉన్నారు కదా. ఒకరికొకరు ఒక్క మాట చెప్పుకోలేదా?"

"చెబితే వద్దంటారని," అంది హేవన్.

"నన్నే తప్పుపడతారని," అన్నాడు మన్‌బోక్.

"నాకు చెప్పాలనిపించలేదు," అంది ఓక్‌రే. ఆమె తల అప్పటికే పైకి లేచింది. "మా ఇంటిని చలికొంప అన్నారనుకున్నాను. అలా అన్నవాళ్ళను రేపైనా ఇలాగే కూర్చోబెడతాను."

ఇన్‌సున్ నవ్వడం మొదలుపెట్టింది. ప్లేటు చేతిలోంచి జారి మంచులో పడేదాకా నవ్వింది. ఓక్‌రే ఆమెను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, గొడ్డు మాంసం పెట్టె తెరిచింది. నేలకు ఆనిన వైపు మాంసం రంగు మారి ఉంది. "సగం పని అయిపోయింది వదినగారూ," అని మిగతా సగానికి పొయ్యి ఎగదోసింది.

భోజనాలయ్యాక బయల్దేరుదామనుకున్నారు గానీ కారు కనిపించలేదు. అది ఉన్నచోట మంచు దిబ్బ ఉంది, దిబ్బకు అవతల రోడ్డుకడ్డంగా దేవదారు పడి ఉంది. వియ్యాలవారు ఆగిపోయారు. వెనక గదికి వేడినీళ్ళ గొట్టాలు తప్ప రాతి పలకలు లేవు. పంపు ఆగడంతో అది చీకటి పడకముందే చల్లబడింది. ఇన్‌సున్ ఆ గదిని ఎవరికీ ఇవ్వనంది. కూ గారు మాత్రం మళ్ళీ పెద్ద గదిలోకే వెళ్ళి, తన చోట్లోనే, ఈసారి పడుకున్నారు.

ఆదివారం పొద్దునకు బయట సున్నాకు పద్దెనిమిది డిగ్రీల కింద చలి. కరెంటు లేదు. ఊళ్ళో ప్రతి ఇంట్లో బాయిలర్ ఉంది, ప్రతి బాయిలర్‌కూ కరెంటు కావాలి. పొగ వస్తున్న గొట్టం ఒక్కటే. దాన్ని చూసి జనం దుప్పట్లు చుట్టుకుని ఒక్కొక్కరే పైకెక్కారు. మధ్యాహ్నానికి పెద్ద గదిలో పదకొండు మంది కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. పన్నెండోవాడు బాయిలర్ మెకానిక్ చా. భార్యను వెంటబెట్టుకుని, చంకలో రెండు దుప్పట్లతో గుమ్మంలో ఆగాడు.

"రా చా," అంది ఓక్‌రే. "గాలి ఎలా ఉంది? వేడేమన్నా లాగుతోందా?"

"అక్కా, ముందు లోపలికి రానీ."

అతను బూట్లు విప్పి, పాదాలు నేలకు ఆనించి కూర్చున్నాడు. రెండో గిన్నె సూప్ తాగాక కొంచెం వృత్తిధర్మం గుర్తొచ్చింది. "అన్నా, ఆ రోజే చెప్పాను. మధ్యలో ట్యాంకు పెట్టి ఉంటే..."

"దాని పంపుకి కరెంటు కావాలా, వద్దా?"

"కావాలనుకో."

"అయితే కాళ్ళు చాపుకుని కూర్చో." ఆ మాటతో మన్‌బోక్‌కు ఉత్సాహం వచ్చింది. వచ్చినవాళ్ళకు మూడు మంటల్ని ఒకే నేలకు ఎలా కలిపాడో, ఏ కుళాయి ఎటు తిప్పాలో వివరించబోయాడు. "నా ఏర్పాటు ఎలాంటిదంటే..."

"నీ ఏర్పాటు వెనకాల మంచులో ఉంది," అంది ఓక్‌రే, పొయ్యిలోకి మొద్దు తోస్తూ. "వీళ్ళు కూర్చుంది మీ నాన్న ఏర్పాటు మీద."

అందరూ నవ్వారు. మన్‌బోక్ నవ్వలేదు. కానీ కాసేపటికి తనే లేచి వెళ్ళి, ఎవరూ అడక్కుండానే, ఒక చంకెడు ఓక్ మొద్దులు తెచ్చి భార్య పక్కన పెట్టాడు. ఆమె చూడనట్టే ఒకటి తీసి పొయ్యిలోకి తోసింది.

ఆ సాయంత్రం జాడీలో మిగిలిన మక్కొల్లి పోస్తున్నప్పుడు ఒక చెంచా కింద పడింది. కూ గారు వంగి దాన్ని తీసిచ్చారు. తీసిచ్చాక అలాగే వంగి ఉండిపోయారు. నొప్పి పుట్టిందేమోనని ఇన్‌సున్ వెనక గదిలోంచి పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందండీ? నడుమా?"

"అవును, నడుమే. వంగింది," అన్నారాయన. మరోసారి లేచి, మరోసారి వంగి చూసుకున్నారు. "పదకొండేళ్ళయింది నొప్పి లేకుండా ఇలా వంగి."

తర్వాత ఆయన తన చోట్లో కూర్చుని, ఊరివాళ్ళందరి ముందూ, బడి గంట కొట్టినంత స్పష్టంగా ప్రకటించారు. "పెళ్ళి ఏప్రిల్‌లో. వాకిట్లో మంచు కరగ్గానే, ఈ ఇంట్లోనే. కట్నకానుకలు అక్కర్లేదు. మగపెళ్ళివారిగా మాది ఒక్కటే షరతు. ఆ పొయ్యిని ఎవరూ పూడ్చకూడదు. మాకు సెలవులకు రావాల్సి ఉంటుంది."

ఓక్‌రే భర్త వైపు చూసింది. ముప్పై ఆరేళ్ళలో మొదటిసారి ఆమెకు ఏమీ అనాల్సిన అవసరం రాలేదు. మన్‌బోక్ గిన్నె అడుగున ఏదో వెతుక్కుంటున్నట్టు లోపలికి చూస్తూ, "మగపెళ్ళివారు అడిగితే కాదంటామా," అన్నాడు.

సోమవారం పదకొండింటికి పసుపుపచ్చ మంచుబండి దేవదారును పక్కకు తోసి పైకి వచ్చింది. మూడు రోజులు నిద్రలేని కళ్ళతో జేహా దిగాడు. శనివారం పన్నెండున్నరకు తల్లి పంపిన "నేను చచ్చిపోతున్నాను" అన్న మెసేజీ తర్వాత అతనికి ఏ కబురూ లేదు. సంబంధం చెడిందనీ, అమ్మానాన్నల్ని ఎలాగైనా ఆ ఇంట్లోంచి బయటపడేయాలనీ దారి పొడుగునా అనుకుంటూ వచ్చాడు.

గుమ్మంలో హేవన్ ఎదురైంది. "ఏప్రిల్‌లోనట," అంది. అతను ఏమిటని అడిగాడు. చెప్పింది. అతను గోడకు చేరగిలబడ్డాడు.

లోపల కూ గారు గోడ వైపు తిరిగి, దిండు కింద చెయ్యి పెట్టుకుని పడుకుని ఉన్నారు.

"నాన్నా, రోడ్డు తీశాను. పదండి."

"నువ్వు వెళ్ళు."

"నాన్నా, బండిలో ఇద్దరికీ చోటుంది."

"ఇక్కడ కూడా ఉంది."

"ఎప్పుడొస్తారు?"

"కరెంటు వచ్చాక ఆలోచిద్దాం," అన్నారాయన, కరెంటు శాఖ మీద ఏ ఒత్తిడీ పెట్టని గొంతుతో. పక్కనే కాళ్ళు చాపుకున్న మన్‌బోక్, వియ్యంకుడి మీద దుప్పటి సర్ది, అబ్బాయిని గొడవ చేయొద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

ఇన్‌సున్ ఒక్కతే బయల్దేరింది. ఓక్‌రేను కౌగిలించుకుని, హేవన్ చెంప నిమిరి, మంచుబండి మెట్లు చకచకా ఎక్కి ముందు సీట్లో కూర్చుంది. జేహా బండి తిప్పుతూ, హీటర్ రాత్రి నుంచి పనిచేయడం లేదని, వోన్‌జూ దాకా ఇలాగే వెళ్ళాలని, చాలా సిగ్గుపడుతూ తల్లికి క్షమాపణ చెప్పుకున్నాడు.

నువ్వు పుట్టినప్పటి నుంచీ నాకు చేసిన సుఖం ఇదొక్కటే నాయనా అని, ఆవిడ కిటికీ అద్దం కూడా దించింది.